అంకితం అక్కర్లేదు

జూన్ 4

అత్తా,

ముందు మంచి మాట చెప్పేస్తాను, లేకపోతే నా అలవాటు ప్రకారం దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోతాను. పుస్తకం అచ్చుకి వెళ్తోంది. మాటల పుట్టుపూర్వోత్తరాలంటూ ఇన్నాళ్ళూ నేను పోగేసిన కాగితాల గుట్ట, నువ్వు 'ఎలుకల భోజనం' అని పేరు పెట్టినది, నిజంగానే పుస్తకం కాబోతోంది. మా యూనివర్సిటీ ప్రచురణల వాళ్ళు చాలాకాలం నాన్చి, చివరికి సరేనన్నారు. వాళ్ళు సరేనన్న దగ్గర్నుంచీ నాకు అనుమానం పట్టుకుంది. అంత బాగా లేదేమో, ఈ ఏడాది వేరే ఏదీ దొరక్క ఒప్పుకున్నారేమో అని. నువ్వు నవ్వుతావని తెలుసు.

చివరి అధ్యాయం 'అంకితం' అనే మాట మీద. అంకం అంటే గుర్తు. అంకితమైనది అంటే గుర్తు పడినది. పశువుకి ముద్ర వేసి ఇది ఫలానా వారిది అని చెప్పడానికీ, పుస్తకం మీద పేరు వేసి ఇది ఫలానా వారిది అని చెప్పడానికీ మధ్య పెద్ద దూరం లేదు. అదే అంకానికి ఒడి అనే అర్థమూ ఉంది. నాటకంలో భాగాన్నీ అంకమే అంటారు, అది నాకంటే నీకే బాగా తెలుసు. ఇంగ్లీషువాళ్ళ 'డెడికేషన్' లాటిన్ నుంచి వచ్చింది. ఒక వస్తువునో చోటునో నలుగురి ముందూ ప్రకటించి, ఇది దేవుడిదని పక్కన పెట్టేయడం. అలా పెట్టేశాక దాన్ని మామూలు పనులకి వాడరు.

ఇదంతా రాసినదాన్ని, నా పుస్తకానికి అంకితం పేజీ లేకుండా ఎలా? ఆలోచించాల్సిన పని కూడా పడలేదు, నా విషయంలో అది వింతే. అమ్మ పోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. నాటక కంపెనీలో దుస్తులు కత్తిరించే పని వదిలేసి అన్నయ్య పిల్లల కోసమని నువ్వు మా ఇంటికి వచ్చావు. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. అందుకని ఇలా రాశాను:

'తన జీవితాన్ని మా ఇంటికి అంకితం చేసిన మా అత్తకు.'

బాగుందా? 'మా ఇంటికి' అనాలా, 'మాకు' అనాలా? నీ మాట కోసం చూస్తుంటాను.

నీ
పెద్దపిల్ల


జూన్ 12

సందేహాలమ్మా,

నీ పుస్తకం సంగతి చదివి చాలా సంతోషించాను. పాపం ఎలుకలకి ఇక పస్తే. మీ నాన్నకి నేను చెప్పలేదు, నువ్వే చెప్పుకుంటే బాగుంటుందని.

అంకితం మాత్రం వద్దు. నా పేరూ వద్దు, అత్త అనే మాటా వద్దు. మీ నాన్నకి ఇచ్చుకో, నీకు పాఠాలు చెప్పినవాళ్ళకి ఇచ్చుకో. పోయినవాళ్ళకైతే మరీ మంచిది, వాళ్ళు కాదనలేరు. నేను ఇంకా కాదనగలను.

ఇక్కడ లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది. మీ నాన్న మోకాలి నొప్పి అని మూడో అంతస్తు దిగడం మానేశాడు. లిఫ్టు బాగైన రోజే మోకాలు కూడా బాగవుతుంది చూడు. ఎదురు ఫ్లాటావిడ కూతురి కోటు బిగుతైందని తెచ్చి ఇచ్చింది. చూస్తే లోపల కుట్టులో వదులు గుడ్డే లేదు. ఎవడో పిసినారి కుట్టాడు. పిల్లలు పెరుగుతారని తెలియనివాడు పిల్లల బట్టలు కుట్టకూడదు.

నీకు అంకం అంటే ఏవేవో ఉన్నాయి. నాకు తెలిసింది ఒక్కటే. తెర పడితే అయిపోతుంది, జనం ఇళ్ళకి పోతారు, మేం చెమట బట్టలు ఆరేసుకుంటాం.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోను హాల్లో ఉంది. నేను ఎత్తగానే మీ నాన్న టీవీ సౌండు తగ్గిస్తాడు.

అత్త


జూన్ 18

అత్తా,

కాదనగలను అన్నావు గాని ఎందుకో చెప్పలేదు. కారణం చెప్పకుండా కాదన్నావంటే అది మొహమాటమేనని తమ్ముడూ నేనూ తేల్చేశాం. వాడికి ఫోన్లో చదివి వినిపించాను. వాడెప్పుడూ నా రాతని మెచ్చుకోడు, ఈసారి మాత్రం "ఇది ఎప్పుడో రాయాల్సింది అక్కా" అన్నాడు.

నాన్నకి కూడా ఆదివారం పొద్దున చెప్పాను. ఆ వాక్యం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. పాత ఆఫీసు స్నేహితులందరికీ చెప్తానన్నారు. పుస్తకం వచ్చాక మా లైబ్రరీ హాల్లో చిన్న సభ పెడతారు కదా, ఆ రోజు నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టి ఆ పేజీ తనే పైకి చదువుతారట. నాన్న ఇంత ఉత్సాహంగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

మన పాత కవులు కావ్యాన్ని కన్య అనుకునేవారు. అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. పిల్లనిచ్చాక మనసు మార్చుకోవడం ఉండదు కదా, నేనూ మార్చుకోను. నువ్వు మొహమాటపడినా సరే, ముందు వరసలో కూర్చోక తప్పదు. పేజీ ప్రెస్సుకి పంపించేశాను.

ఒకవేళ నా భాష నచ్చలేదా? 'జీవితాన్ని' అనేది కొంచెం బరువుగా ఉందేమో అని నాకూ అనిపించింది. కానీ దానికి బదులు ఏ మాట పెట్టినా తేలిపోతోంది.

నీ
పెద్దపిల్ల


జూన్ 27

అమ్మాయీ,

మొహమాటం కాదు. నీ భాషకి వచ్చిన లోటూ లేదు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను, నువ్వు ఊరుకోనివ్వవు.

కంపెనీలో నాతో పనిచేసిన ఆవిడ ఉండేది, మేమందరం టేపు అని పిలిచేవాళ్ళం. పెళ్ళి ఫోటోలో కూడా మెడలో టేపు వేసుకునే నించుంది. ఇప్పుడు ఓడరేవు ఊళ్ళో ఒక చిన్న థియేటర్లో దుస్తుల గది అంతా ఆవిడదే. కుట్టగలదు, కళ్ళు తగ్గాయి, కత్తిరించలేదు. కటింగ్ మాస్టరుగా నన్ను రమ్మని ఏప్రిల్లో రాసింది. జీతం ఉంది, వెనక వీధిలో గది ఉంది. సెప్టెంబరులో కొత్త నాటకం రిహార్సళ్ళు మొదలవుతాయి, ఈలోగా వస్తావా రావా చెప్పమంది. నాకు అరవై మూడు. ఇంకోసారి ఎవరూ అడగరు. వస్తానని రాసేశాను.

మీ నాన్నకి ఎలా చెప్పాలా అని వారాల తరబడి మాటలు కూడగట్టుకుని, ఆదివారం పొద్దున చెప్దామని నిశ్చయించుకున్నాను. టీ కప్పు పట్టుకుని హాల్లోకి వెళ్తే ఆయన ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. వంటింటి దాకా నా వెనకే వచ్చి, "నువ్వు ఈ ఇంటికే అంకితమైపోయావమ్మా, ఇప్పుడు అచ్చులో కూడా వస్తోంది" అన్నాడు. ఇక నేనేం చెప్పను? టీ ఇచ్చాను.

ఇంకో మాట. మీ కోసం నేను కంపెనీ వదిలేశానని మీ నాన్న చెప్తాడు, నువ్వూ అదే రాశావు. ఆ ఏడాది కంపెనీయే మూతపడింది. నాకు జీతం లేదు, ఉండే గదీ లేదు. సరిగ్గా అప్పుడు మీ నాన్న రమ్మన్నాడు. వచ్చాను. నేను చెయ్యని పనికి నాకు మెప్పు అక్కర్లేదు. ఆ పేజీ పడిందంటే నాకు గుమ్మం దాటడం కష్టమవుతుంది. తీసెయ్యి.

అత్త


జూలై 4

అత్తా,

నీ ఉత్తరం చదివి ఇన్ని రోజులూ జవాబు రాయలేకపోయాను. క్లాసులో పిల్లలకి పాఠం చెప్తూ మధ్యలో ఆగిపోయాను. బోర్డు మీద ఏం రాద్దామని చాక్‌పీసు తీశానో గుర్తు రాలేదు.

అంటే నువ్వు గది లేక వచ్చావు. ఆ గదిలో మేం ఉన్నాం. ఇన్నాళ్ళూ నేను వేరే కథ మోస్తున్నాను. ఎవరైనా నన్ను ఏమాత్రం మెచ్చుకున్నా, దీని వెనక ఒక మనిషి తన బతుకంతా పెట్టింది అనుకునేదాన్ని. అది నాకు బలమో బరువో తెలియదు గాని, దాన్ని పట్టుకునే ఇంతదాకా వచ్చాను. కంపెనీ మూతపడకపోతే నువ్వు రాకపోదువా? వద్దు, జవాబు చెప్పకు.

పేజీ సంగతి ప్రెస్సు మేనేజర్ని అడిగాను. పుస్తకంలో మొదటి పేజీలు చివర అచ్చేస్తారట. ముందుమాటలూ విషయసూచికలూ అన్నీ తేలాకే వాటి వంతు వస్తుందట. కాబట్టి టైముంది. కానీ తియ్యమని ఆయనకి చెప్పలేదు. చెప్పలేకపోయాను.

నాన్న సంగతి కూడా ఆలోచించు అత్తా. డెబ్భై ఏళ్ళ మనిషి, గ్యాసు వెలిగించడం కూడా తెలియదు. తమ్ముడి ఉద్యోగం నెలకో ఊళ్ళో. నేను ఇక్కడ సెలవులు దొరక్క చస్తున్నాను. నువ్వు వెళ్ళొద్దని అనడం లేదు. సభ అయ్యాక, చలికాలంలో వెళ్ళకూడదా? ఈలోగా మీ టేపు గారు ఎవరినైనా చూసుకోలేరా? నేను తప్పుగా అడుగుతున్నానా? అడుగుతున్నాననే అనిపిస్తోంది, అయినా పోస్టు చేస్తున్నాను.

పెద్దపిల్ల


జూలై 13

పెద్దపిల్లా,

జవాబు చెప్పకు అన్నావు. చెప్తాను.

కంపెనీ మూతపడకపోతే వచ్చేదాన్నో కాదో నాకు తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఏం చేసి ఉండేదో ఈ ముసలిదాన్ని అడిగితే ఏం చెప్తుంది? నాకు తెలిసింది ఇది. నేను వచ్చిన కొత్తలో నువ్వు నాతో మాట్లాడేదానివి కాదు. ఒకరోజు నీ స్కూలు గౌను పొట్టిదైందని అంచు విప్పి పొడుగు చేశాను. నువ్వు అద్దంలో చూసుకుని "ఇంకొంచెం" అన్నావు. నాతో నీ మొదటి మాట అదే. ఆ నెలలోనే ఇంకో కంపెనీ వాళ్ళు నన్ను పిలిచారు. ఇంతకంటే మంచి జీతం. వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదు. ఆ పిల్ల ఇంకొంచెం అంది కదా, చూద్దాం ఎంత పొడుగవుతుందో అనిపించింది. త్యాగమైతే ఎక్కడో నొప్పి ఉండాలి. నాకు హాయిగా ఉండేది. నీ పుస్తకంలో ఇది ఏ మాట కిందికి వస్తుందో నువ్వే చూసుకో.

ఇప్పుడు నాకు అక్కడికి వెళ్ళాలనిపిస్తోంది. అప్పుడు ఉండటం ఎంత నిజమో ఇప్పుడు వెళ్ళడం అంతే నిజం.

మీ నాన్నకి చెప్పేశాను. ఆయన టీవీ సౌండు తగ్గించలేదు, పూర్తిగా కట్టేశాడు. కాసేపు కిటికీలోంచి ఎదురు మేడ చూశాడు. పుస్తకంలో వేసేశారుగా అన్నాడు. పాత స్నేహితులందరికీ చెప్పేశాను, ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. ఎక్కడుందో అక్కడే ఉంచమన్నాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడడం లేదు గాని, తాగిన కప్పు తనే కడుక్కుంటున్నాడు. కోపంతో కడుగుతున్నాడు కాబట్టి శుభ్రంగానే కడుగుతున్నాడు. గ్యాసు ఎలా వెలిగించాలో నేను స్టవ్వుకి చెప్తున్నట్టు పైకి చెప్తున్నాను, ఆయన పేపరు వెనకనుంచి వింటున్నాడు. డెబ్భై ఏళ్ళకి అన్నం వండుకోవడం నేర్చుకోకూడదని ఎక్కడా రాసి లేదు.

మా దుస్తుల గదిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి కోటుకీ మెడ లోపల, వేసుకునే నటుడి పేరు గుడ్డ పట్టీ మీద రాసి కుడతాం. నాటకం మారి ఇంకొకరు వేసుకుంటే పాత పట్టీ తీసెయ్యం, దాని మీదే కొత్తది కుడతాం. పాత కోట్లకి మెడ దగ్గర ఇంత మందాన పేర్లుంటాయి. కోటు వాళ్ళలో ఎవ్వరిదీ కాదు. ఆ నాటకానికి ఆ మనిషిది, అంతే. నా మీద మీ ఇంటి పట్టీ ఉంది, ఎప్పటికీ ఉంటుంది. దాని మీద ఇంకోటి కుట్టకూడదని మాత్రం అనకు.

ఆగస్టు ఆఖరి వారానికి టికెట్టు కొన్నాను. పేజీ ఉన్నా వెళ్తాను, లేకపోయినా వెళ్తాను. ఒక్కటే తేడా. పేజీ తీసేస్తే నన్ను పంపించినట్టు. ఉంచితే నేను పారిపోయినట్టు. ఆ హాల్లో ముందు వరసలో ఖాళీ కుర్చీ పెట్టి మీ నాన్న ఆ వాక్యం చదువుతాడు, విన్నవాళ్ళు పాపం అనుకుంటారు. ఎవరిని అనుకుంటారో నువ్వే ఆలోచించు.

అత్త


జూలై 23

అత్తా,

ఆలోచించాను. ఆలోచించడం తప్ప నేను వేరే ఏమీ చెయ్యనని నువ్వెప్పుడూ దెప్పుతావు కాబట్టి, ఈసారి ఏం చేశానో వరసగా చెప్తాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాను. వీధి చివర పాత గోడౌన్ లాంటి చోటు, లోపలికి వెళ్ళగానే సిరా వాసనకి కళ్ళు మండుతాయి. మొదటి ఫారం, అంటే ఆ పేజీ ఉన్న పదహారు పేజీలు, అప్పుడే మిషను మీదికి ఎక్కిస్తున్నారు. ఆపమన్నాను. మేనేజరు నన్ను చూసి కుర్చీ తెప్పించాడు, కోపంగా ఉన్నవాళ్ళకి ఆయన చేసే మొదటి మర్యాద అదేనట. అంకితం తీసెయ్యండి అన్నాను. ఆ స్థానంలో ఎవరి పేరు వెయ్యాలన్నాడు. ఎవరిదీ వద్దన్నాను. ఖాళీ పేజీ వదిలితే అచ్చు తప్పనుకుంటారమ్మా, మా ప్రెస్సుకే చెడ్డపేరు, ఒక చిన్న పువ్వు బొమ్మైనా వేద్దాం అన్నాడు. పువ్వు కూడా వద్దన్నాను. ఆయన రెండోసారి అడిగేసరికి మామూలుగా అయితే సరే మీ ఇష్టం అనేసేదాన్ని. అనలేదు. పేజీ తీసి కొత్త ఫారం కట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు.

తరవాత చివరి అధ్యాయం మళ్ళీ రాశాను. ఆ పేజీలు అప్పటికే అచ్చయిపోయాయి, మళ్ళీ వెయ్యాలని ప్రచురణల వాళ్ళు తిట్టారు, తిట్టనివ్వు. మాట ఎక్కడ పుట్టిందో, ఎటు నడిచిందో అన్నీ రాశాను గాని, అన్నిటికంటే ముందు అడగాల్సినది అడగలేదు. ఏదైనా అంకితం ఇవ్వాలంటే అది ఇచ్చేవాళ్ళ సొంతమై ఉండాలి. పుస్తకం నాది, ఎవరికైనా ఇవ్వొచ్చు. నీ జీవితం నాది కాదు. నాది కానిదాన్ని తీసి మా ఇంటికి రాసిచ్చేసి, ఆ కాగితం తెచ్చి నీకే కానుకగా ఇవ్వబోయాను. ఇన్ని నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నదాన్ని, ఇది కనిపించలేదు.

లాటిన్ మాటలో కూడా పక్కన పెట్టేయడం ఒక్కటే పట్టుకున్నాను. దాని వేరులో ఉన్నది నలుగురికీ చెప్పడం. కాబట్టి చెప్పాను. తమ్ముడికి చెప్పాను. వాడు ముందు గొణిగాడు, తరవాత నెలకోసారి నాన్న దగ్గరికి వస్తానన్నాడు. నిన్న నాన్నకి ఫోన్ చేశాను. టీవీ కట్టెయ్యమన్నాను, కట్టేశారు.

"నాన్నా, అత్త థియేటర్లో ఉద్యోగానికి వెళ్తోంది. మీ స్నేహితులకి ఆ మాట చెప్పండి. పుస్తకంలో ఆ పేజీ నేను తీసేశాను."

కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"మరి నేను?" అన్నారు.

మీరు మా నాన్న, సెలవుల్లో వస్తాను, ఇద్దరం కలిసి వంట నేర్చుకుందాం, నాకూ సరిగ్గా రాదు అన్నాను. ఆయన ఫోను పెట్టెయ్యలేదు. చివర్లో, ఆవిడ సూట్‌కేసు చక్రం ఊడిపోయింది, ఎవరైనా చూశారా అన్నారు. నాకు చెప్పారో నీకు చెప్పమన్నారో తెలియలేదు. చూసుకో.

సభ కూడా వద్దనేశాను. నీ నాటకం మొదటి ప్రదర్శన ఎప్పుడో రాయి. నాకు ముందు వరసలో టికెట్టు కావాలి.

ఇదంతా సరిగ్గా చేశానో లేదో అని అడగాలనుంది. అడగను.

నీ
పెద్దపిల్ల


అక్టోబరు 9

సందేహాలమ్మా,

అడగనన్నావు చూడు, అది చదివి టేపుకి కూడా వినిపించాను. మీ మేనకోడలు బాగుపడుతోందే అంది.

రాయడం ఆలస్యమైంది, తిట్టకు. ఇక్కడ రాగానే పనిలో పడిపోయాను. దుస్తుల గది మేడ మీద, కిటికీ తీస్తే ఓడల కూత వినిపిస్తుంది. పెద్ద బల్ల ఉంది, రెండు చేతులూ చాపినా అంచు అందదు. మొదటిరోజు గుడ్డ పరిచి సుద్దతో గీసిన గీత రెండుసార్లు తుడిపేశాను. కత్తెర పట్టుకున్నాక ఆగలేదు. టేపు పక్కనే నించుని చప్పుడు వింటూ, "ఇంకా ఎడమవైపుకే లాగుతావు నువ్వు" అంది. కళ్ళు తగ్గాయన్నమాటే గాని నోరు తగ్గలేదు.

మీ నాన్న సూట్‌కేసు చక్రం బాగుచేయించాడు. స్టేషనుకి రానన్నాడు, వచ్చాడు. మొన్న థియేటర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఉప్పు ఎంత వెయ్యాలి అని అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ చేసి, ఎక్కువైతే ఏం చెయ్యాలి అన్నాడు. మూడోసారి చేసినప్పుడు, ఏమీ లేదు ఊరికే అన్నాడు. ఇక్కడ గుమాస్తా ఫోను ఎత్తి, మీ అన్నయ్యగారు ఊరికే చేశారు అని పిలుస్తున్నాడు.

నీ పుస్తకం వచ్చింది. అన్నం తింటూ రోజుకి రెండు మాటల చొప్పున చదువుతున్నాను. చివరి అధ్యాయం ముందే చదివేశాను, దాని గురించి ఏమీ అనను, నాకు కళ్ళు తుడుచుకోవడానికి పని గుడ్డలు బోలెడున్నాయి. ఆ ఖాళీ పేజీ కూడా చూశాను. మంచి కాగితం వేయించావు, మందంగా ఉంది, సిరా పాకదు.

నిన్న ట్రయల్ మధ్యలో రాజు వేషం వేసేవాడు వచ్చాడు, కొలతలు తియ్యాలి, చేతికి ఒక్క కాగితం దొరకలేదు. నీ పుస్తకం బల్ల మీద ఉంది. ఆ పేజీలోనే రాసేసుకున్నాను. ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిది, కుడి చెయ్యి ఎడమ చెయ్యి కన్నా అర అంగుళం పొడుగు. కింద ఇంకా చాలా చోటు మిగిలింది, రేపు మంత్రి వస్తాడు.

మొదటి ప్రదర్శన నవంబరు మొదటి శనివారం. టికెట్టు ఇందులో పెట్టాను. కోట్లు చూడు, నటన సంగతి తరవాత.

అత్త
కటింగ్ మాస్టర్